నిద్ర కన్ను

కిటికీ పక్క పీటమీద వేరే ఎవరో కూర్చుని ఉన్నారు.

ఆమె నర్సరీ షెడ్డు గుమ్మంలోనే ఆగింది. సంచీ ఇంకా భుజానే ఉంది. ఆ పీట నడుమ అరిగి చిన్న గుంట పడింది. ఆ గుంట ఆమెదే. వెలుగు ఎడమ భుజం మీదనుంచి చేతుల మీదికి పడే చోటు ఆ షెడ్డు మొత్తానికి అదొక్కటే. గులాబీ అంట్లు కట్టేవాళ్ళకి ఆ చోటే కావాలి. కొమ్మమీద, ఆకు మొదట్లో, మొటిమంత మొగ్గ ఉంటుంది. దాన్ని వాళ్ళు కన్ను అంటారు. మంచి గులాబీ కన్ను చెక్కి తీసి, అడవి గులాబీ కాడకి గాటు పెట్టి, బెరడు కింద ఆ కన్ను దూర్చి పట్టీ చుట్టాలి. చాకు నీడ అడ్డం పడిందంటే గాటు ఎక్కడ ఆగిందో తెలియదు.

పీటమీద ఉన్నది కొత్తగా చేరిన కళ్ళద్దాల మనిషి. ఈమెని చూసి సగం లేచింది.

"సారు కూర్చోమన్నారక్కా."

"కూర్చో. నేనేమన్నా కాదన్నానా?"

కళ్ళద్దాల మనిషి లేవలేదు, పూర్తిగా కూర్చోనూ లేదు. అంతలో యజమాని వచ్చాడు. మంచివాడే. పనివాళ్ళమీద గొంతు పెంచడు. ఏదన్నా చెప్పలేని మాట చెప్పాల్సివస్తే మొక్కల వైపు చూసి చెబుతాడు. ఇప్పుడూ మొక్కల వైపే చూశాడు.

"నీకు శ్రమెందుకని. లేబుళ్ళు కడుతూ ఉండు. కూర్చున్నచోటే పని."

"ఇన్నేళ్ళూ నిలబడి చేశానా సారూ?"

"అట్లా కాదు. మీ ఆయన చెప్పాడు..."

"ఏం చెప్పాడు?"

యజమాని ఒక సంచిలోంచి ఎండుటాకు ఏరి నలిపాడు. "ఏడాదిన్నర అని. మధ్యలో ఇబ్బంది కాకుండా ఇప్పట్నుంచే ఇంకో చెయ్యి తయారవుతుంటే మంచిది కదా. నిన్ను పొమ్మనడం లేదు. నీ జీతం నీదే."

"సారూ, నేను పోయే రోజు మీకు తెలిస్తే నాకూ కాస్త చెప్పండి. పాలవాడికి ముందే చెప్పి మాన్పించాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని నవ్వలేదు. నలిపిన ఆకు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె లేబుళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళింది. రొమ్ము తీసేసినప్పటినుంచి ఎడమ చెయ్యి వాస్తూ ఉంటుంది. బిగుతుగా ఉండే తొడుగు మణికట్టునుంచి చంకదాకా వేసుకుంటుంది. లేబులుకి దారం కట్టడానికి ఆ చెయ్యి చాలు. ఏ చెయ్యి అయినా చాలు. ఎర్రవాటికి ఎర్ర దారం, పసుపువాటికి పసుపు దారం. మధ్యాహ్నందాకా కట్టింది. తల ఎత్తకపోయినా కిటికీ దగ్గర చాకు చప్పుడు వినిపిస్తూనే ఉంది. గాటు పెట్టినప్పుడు చప్పుడు రాదు. బెరడు చిరిగినప్పుడు వస్తుంది.

మూడోసారి వినిపించాక ఉండబట్టలేకపోయింది.

"వాదరతో కాదమ్మా బెరడు లేపేది. చాకు వీపుతో."

"ఇట్లానా అక్కా?"

"ఊఁ. తలుపు సందులో వేలు పెట్టి చూసినట్టు. తియ్యకూడదు. సందు చేస్తే చాలు."

కళ్ళద్దాల మనిషి మళ్ళీ చేసింది. ఈసారి చప్పుడు రాలేదు. పని నేర్చుకునే చెయ్యే. ఆ సంగతి చూడగానే ఆమెకి తెలిసింది. సంతోషం కలగలేదు.

నర్సరీలో ఆమెని అంట్లక్క అంటారు. గేటు దగ్గర కాపలావాడు చేరిన కొత్తలో ఆమె గిన్నెలు తోమే మనిషనుకుని తన టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె కడిగి ఇచ్చింది. సంగతి తెలిశాక వాడు వారం రోజులు ముఖం చాటేశాడు. ఆ కథ చెప్పుకుని భోజనాల దగ్గర అందరూ ఇప్పటికీ నవ్వుతారు. ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కళ్ళద్దాల మనిషి ఒక వరస చూపించి అడిగింది. కన్ను కట్టి, పైన కాడల తలలు కోసి వారాలు దాటినా చిగురించని మొక్కల సంచులు అవి.

"వీటినేం చెయ్యమంటావు అక్కా?"

"పారెయ్. చోటు కావాలి."

"ఇంకా ఆగితే వస్తాయేమో?"

"నూటికి ఎనభై వస్తాయి. రావాల్సిన టైముకి వస్తాయి. మిగతావాటికోసం కూర్చుంటే వచ్చినవాటికి చోటుండదు."

ఇన్నేళ్ళూ చెప్పినమాటే. నోరు అలవాటుగా అనేసింది. అన్నాక దారపు ఉండ చేతిలోంచి జారి బల్లకింద దొర్లింది. దాన్ని తియ్యడానికి వంగబోయి, నడుం పట్టేసి, ఆగిపోయింది. కళ్ళద్దాల మనిషే తీసి ఇచ్చింది.

నర్సరీ వ్యాను నడిపేది ఆమె భర్తే. సాయంత్రం ఖాళీ బండిలో ఇద్దరూ ఇంటికి వెళతారు. వెనక తడి మట్టి వాసన. ఆయన గేరు మార్చినప్పుడల్లా నోటితో కూడా ఒక చప్పుడు చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకి దానికి నవ్వొచ్చేది.

"ఏడాదిన్నర అని అందరికీ చాటింపు వేశావా?"

"అందరికీ ఎక్కడ? సారుకి చెప్పా. సెలవులు కావాలి కదా."

"నా పీటమీద వేరే మనిషిని కూర్చోబెట్టాడు."

ఆయన సిగ్నలు దగ్గర బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగుమీద పెట్టుకుని ఎదుటి బస్సు వెనకభాగం చూశాడు.

"డాక్టరమ్మే కదా అంది," అన్నాడు కొంచెంసేపటికి.

"ఏమంది? సరిగ్గా చెప్పు."

"ఈ కొత్త మందు ఎక్కిస్తే ఏడాదిన్నర. లేకపోతే ఏడాది."

"సగంమంది అంది. ఎక్కించినవాళ్ళల్లో సగంమంది ఏడాదిన్నర దాటతారంది. ఎక్కించకపోతే సగంమంది ఏడాది దాటతారంది."

"అదే నేనూ అంటున్నా."

"అదెట్లా అవుతుందయ్యా?"

"సరే, అవదు. ఆర్నెల్లు ఊరికే వస్తాయా చెప్పు. ఎవడిస్తాడు?"

"వేళ్ళు మొద్దుబారతాయని కూడా అంది. అది వినలేదా?"

"కొంతమందికి అంది."

"చాలామందికి అంది. తగ్గచ్చు, తగ్గకపోవచ్చు అంది."

"మొద్దుబారితే ఏం? నేను తినిపిస్తా."

"నువ్వు తినిపిస్తావు. కన్ను పెడతావా?"

వెనకనుంచి హారన్లు మోగాయి. ఆయన బండి కదిలించాడు. ఈసారి నోటితో చప్పుడు చెయ్యలేదు.

సోమవారం డాక్టరమ్మకి మాట చెప్పాలి. ఆ రోజే ఎక్కించడం మొదలుపెట్టాలని ఆయన. అంట్ల కాలం ఇంకా నెలకి పైగా ఉందని ఆమె. కాడల్లో పాలు ఆడి బెరడు సులువుగా లేచేది ఇప్పుడే. ఇప్పుడు వేళ్ళు పోతే వచ్చే ఏడు చూసుకోవచ్చులే అనడానికి ఆమె దగ్గర వచ్చే ఏడు లేదు. ఉందో లేదో తెలియదు. ఆ తెలియనిదాన్నే ఎట్లా పట్టుకోవాలో ఆమెకి అర్థం కావడం లేదు.

శనివారం కూతురు వచ్చింది. ఆ పిల్ల బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా సుద్దముక్క చేతిలో ఉన్నట్టే వేళ్ళు పట్టుకుని మాట్లాడుతుంది. తల్లి పక్కన మంచంమీద కూర్చుని ఫోనులో ఒక బొమ్మ తీసి చూపించింది. రెండు గీతలు. రెండూ ఎడమవైపు పైన ఒకే చోట మొదలై, మెట్లుమెట్లుగా దిగుతూ కుడివైపుకి వెళుతున్నాయి.

"ఇది మందు తీసుకున్నవాళ్ళ గీత. ఇది తీసుకోనివాళ్ళది. మొదట్లో అందరూ ఉంటారు. ఇట్లా జరిగేకొద్దీ..."

"ఈ మెట్లేంటి?"

కూతురు ఒక మెట్టుమీద వేలు పెట్టింది. "ఒక్కో మెట్టు దగ్గర ఎవరో ఒకరు..."

"ఊఁ."

"అదమ్మా."

ఆమె ఫోను దగ్గరికి తీసుకుంది. చాకు పట్టే చెయ్యి కదా, సన్నటివి చూడటం అలవాటు. పై గీత నిజంగానే పైన ఉంది. కింది గీత కిందే ఉంది. రెండింటి మధ్యా తన బొటనవేలి గోరు పెట్టి చూసింది. మొదట్లో గోరు పట్టలేదు. మధ్యలో పట్టింది. చివరికొచ్చేసరికి రెండు గీతలూ మళ్ళీ దగ్గరికి జరిగి, నేలకి ఆనకుండా సన్నగా సాగిపోతున్నాయి.

"పై గీత పైనే ఉంది కదా," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. "అది చూడు. ఎక్కడ చూసినా పైనే."

"నాన్నా, నువ్వు కాసేపు ఆగు."

"మరి ఏడాదిన్నర ఇందులో ఎక్కడుంది?" అని అడిగింది ఆమె.

కూతురు వేలు పెట్టి చూపించింది. "సగం అంటే ఇది. ఇప్పుడు మా క్లాసులో పిల్లల్ని పొట్టివాళ్ళ దగ్గర్నుంచి పొడుగువాళ్ళదాకా వరసగా నిలబెడతాననుకో. నడిమధ్యలో ఉన్నవాడి ఎత్తు కొలిచి చెబుతా. అంతే. అది వాడొక్కడి ఎత్తు. వాడికి ఇటు ఎంతో పొట్టివాళ్ళుంటారు, అటు ఎంతో పొడుగువాళ్ళుంటారు. చివర నిలబడ్డవాడు ఒక్కోసారి మాస్టారికన్నా పొడుగుంటాడు. మధ్యవాడి ఎత్తు చూసి మన పిల్లవాడికి చొక్కా కుట్టించం కదా..."

పిల్లలకి చెప్పి చెప్పి అరిగిన మాటలే. అయినా ముగించలేకపోయింది. ఫోను పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగింది. తల్లి ఆమె వీపుమీద చెయ్యి వేసి, పసిదానికి తేన్పు రావడానికి తట్టినట్టు, నెమ్మదిగా తట్టింది.

"బాగానే చెప్పావు. మీ పిల్లలకి అర్థమవుతుందా?"

"కొందరికి."

"నాకూ అయింది. నన్ను ఆ వరసలో ఎక్కడ నిలబెట్టారో ఎవరికీ తెలియదంటావు."

"అవునమ్మా."

"డాక్టరమ్మకి కూడా."

"ఆవిడకి కూడా."

ఆమె ఫోను మళ్ళీ తీసుకుంది. "ఈ గీతలమీద చిన్నచిన్న నిలువు గీట్లున్నాయి. మెట్లు కాదు. ఇవేంటి?"

కూతురు కళ్ళు తుడుచుకుని వంగి చూసింది. "వాళ్ళ సంగతి అక్కడిదాకానే తెలుసు. ఆ తర్వాత రావడం మానేసి ఉండచ్చు. లేకపోతే ఈ లెక్క రాసే రోజుకి ఇంకా ఉండి ఉండచ్చు. ఆఖరిసారి కనపడినప్పుడు ఉన్నారు. అంతే."

"వీళ్ళని పోయినవాళ్ళల్లో కలపరా?"

"కలపరు."

ఆమె ఆ గీట్లని చాలాసేపు చూసింది. గుమ్మంలో తండ్రి చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"పెరట్లోకి రా. నీకొకటి చూపించాలి."

"మెట్లు దిగలేను."

"నేను పట్టుకుంటాగా."

జబ్బు వెన్నెముకలోకి పాకినప్పటినుంచి ఆమె వెనక మెట్లు దిగడం మానేసింది. ఆయన ఒక్కో మెట్టూ ముందు తను దిగి, తిరిగి నిలబడి, రెండు చేతులూ చాచి దింపాడు. బట్టలు ఆరేసే తాడు దాటాక పాత టైర్లు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి చాటున, తడిపిన గోనెపట్టామీద, వరసగా నల్ల సంచులు.

ప్రతి సంచిలో ఒక గులాబీ. ప్రతిదీ చిగురించి ఉంది. కొన్ని మోకాలెత్తు లేచాయి. లేత పచ్చగా, ఒత్తుగా, గాలికి ఊగుతున్నాయి.

"నువ్వు పారేసినవే," అన్నాడు ఆయన. మనిషి ఎప్పుడూ అంత గబగబా మాట్లాడడు. "పోయిన నెల, ఆ స్కానింగు రోజునుంచి. చెత్తకుప్పకి తీసుకెళ్ళేటప్పుడు సగం దారిలో ఆపి తెచ్చేశా. రోజూ బండి తీసేముందు నీళ్ళు. నలభై తెచ్చా. లెక్క చూసుకో ఎన్ని వచ్చాయో. నీ టైముకి రాలేదు, అంతే. ఆలస్యంగా వచ్చాయి. వచ్చాయా లేదా?"

ఆమె గోడ పట్టుకుని నిలబడింది. వంగి చూడాల్సిన అవసరం కూడా లేదు. నిలబడ్డచోటినుంచే కనబడుతోంది. అన్ని చిగుళ్ళూ పట్టీకి కిందనుంచే లేచాయి. సన్నటి ఆకులు, రెమ్మకి ఏడేసి. దగ్గరదగ్గరగా ముళ్ళు. అడవి గులాబీ తన సొంత కాడనుంచి తను చిగిర్చింది. ఆమె పెట్టిన కళ్ళు పట్టీల మధ్య నల్లగా ఎండిపోయి ఉన్నాయి.

ఆయన ముఖం చూసింది. గడ్డం గీసుకున్నాడు. ఆదివారం గీసుకోడు.

"బాగున్నాయి," అంది.

"బాగుండటం కాదు. వచ్చాయా లేదా చెప్పు."

"చిగిర్చాయి."

"మరి? ఆలస్యంగా వచ్చేవి ఉంటాయిగా? నువ్వే పారేస్తే ఎట్లా?" ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. తొడుగు ఉన్న చెయ్యి అని గుర్తొచ్చి వెంటనే వదిలేశాడు. "రేపు డాక్టరమ్మకి ఎక్కించమని చెబుదాం."

"చూద్దాంలే."

ఆయన నవ్వు ఆపుకుంటూ బకెట్టు తెచ్చి, ముంత ముంచి, వరసంతా మళ్ళీ నీళ్ళు పోశాడు. పొద్దున ఒకసారి పోసినట్టున్నాడు. సంచుల అడుగునుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె నిలబడి చూసింది. లోపలికి వెళదామనుకుంటూ ఉండగా వరస చివరి సంచిమీద కళ్ళు ఆగాయి.

ఆ కాడకీ కిందనుంచి అడవి చిగురు లేచింది. మిగతావాటికన్నా బలంగా, ఎత్తుగా. ఆయన దానికి పుల్ల పాతి దారంతో కట్టాడు కూడా. కానీ దాని పైన, పట్టీ మధ్యలో, కన్ను నల్లబడలేదు. వడ్లగింజంత, ముడుచుకుని ఉంది. పచ్చగా ఉంది.

"అదే అన్నిటికన్నా మంచిది," అన్నాడు ఆయన ఆమె చూపు పట్టుకుని. "నీ పేరు పెట్టా దానికి."

ఆమె గోడ పట్టుకుని మెట్ల వైపు తిరిగింది.

మధ్యాహ్నం పడుకుంది. నిద్ర రాలేదు. అట్లాంటి కన్నుని అంట్లు కట్టేవాళ్ళు నిద్ర కన్ను అంటారు. చావలేదు, లేవలేదు. ఎప్పుడు లేస్తుందో, లేస్తుందో లేదో చెప్పలేరు. కింది చిగురు ఎదుగుతున్నంతకాలం మాత్రం లేవదు. కాడలో పాలన్నీ అదే తాగేస్తుంది. ఊరుకుంటే ఆయన సంతోషం ఆయనకి ఉంటుంది. రేపు ఎక్కించుకుంటే ఇంకా సంతోషపడతాడు. ఆ కన్ను ఇంకో పది రోజుల్లో నల్లబడుతుంది. ఆ సంగతి ఆయనకి ఎప్పటికీ తెలియదు.

అటు తిరిగి పడుకుంది. ఇటు తిరిగింది. చివరికి లేచి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుమీద రెండు పాదాలూ ఆనించుకుంటూ తనే దిగింది. టైరుమీద కూర్చుని ఆ సంచి ఒళ్ళోకి తీసుకుంది. చాకు తెచ్చుకోలేదు. దారం విప్పి, అడవి చిగురు మొదలు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని పక్కకి లాగింది. అది బెరడు చీలకుండా, ఒక్క చప్పుడుతో, మొదలంటా ఊడి వచ్చింది.

"ఏమే! ఏం చేస్తున్నావే!"

ఆయన మెట్లమీద ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. పరుగున వచ్చాడు. మోకాలెత్తు పెంచిన కొమ్మ ఆమె కాళ్ళ దగ్గర పడి ఉంది.

"దాన్నే ఎందుకు విరిచావు? అన్నిట్లోకీ అదే కదా... నీకు ఎక్కించుకోవడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పు. దాన్ని చంపడమెందుకు?"

"కూర్చో."

"నేను కూర్చోను."

"కూర్చోవయ్యా. మెడ ఎత్తి మాట్లాడలేను."

ఆయన బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. టీ సగం ఒలికిపోయింది. ఆమె సంచి ఆయన ముందుకి తిప్పింది.

"ఈ పట్టీ చూశావా. నేను కట్టింది ఇక్కడ. మంచి గులాబీ రావాలంటే దీని పైనుంచి రావాలి. నువ్వు పెంచినవన్నీ దీని కిందనుంచి వచ్చాయి. అవి అడవివి. నేను పెట్టిన కళ్ళు చచ్చిపోయాయి. చూడు, ఆ పక్కదాన్ని చూడు. నల్లగా లేదూ?"

ఆయన చూశాడు. దాని పక్కదాన్నీ చూశాడు. వరస మొదటిదాకా ఒక్కోదాన్నే వంగి, పట్టీని వేలితో తడిమి చూసుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ వచ్చి బకెట్టుమీద కూర్చున్నాడు. అరచేతిమీద ముళ్ళు గీసుకుని రక్తం కారింది. దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"గడ్డం గీసుకుని వచ్చావు."

ఆయన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. పక్కింట్లో ఎవరో కుక్కర్ మూత తీస్తున్న చప్పుడు.

"అన్నీ చచ్చాయా?"

"ఇదొక్కటి చావలేదు. చూడు. గోరు పెట్టకు, చూడు అంతే."

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "పచ్చగా ఉంది."

"ఊఁ."

"అయితే ఇది వస్తుందా?"

"తెలీదు."

"ఎన్నాళ్ళకి తెలుస్తుంది?"

"అదీ తెలీదు. నూటికెన్ని అని అడిగితే చెబుతా. నూరు కట్టిన మనిషిని కదా. దీన్ని అడిగితే ఏం చెప్పను? దానికది ఒక్కటే."

ఆమె అంది, నెమ్మదిగా:

"ఈ మొక్క నయం. మనం ఏం లెక్క వేసుకుంటున్నామో దానికి తెలీదు. నాకు తెలుసు. పొద్దున లేస్తే తెలుసు, దారం కడుతుంటే తెలుసు. తెలియకుండా ఉండేది ఒక్క కన్ను పెట్టేటప్పుడే. ఆ కాసేపూ చేతులే ఉంటాయి. నేను ఉండను. అందుకని అడుగుతున్నా ఈ నెల."

ఆయన ఆ టీ గ్లాసులో మిగిలింది ఆమెకి ఇచ్చాడు. చల్లారిపోయింది. ఆమె తాగింది.

సోమవారం డాక్టరమ్మ ఫైలు తెరవకుండానే అడిగింది.

"ఏమనుకున్నారు?"

"ఎక్కించుకుంటానండి. అంట్ల కాలం అయ్యాక."

"అంటే?"

"నెల. కాస్త అటూఇటూ."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఆగితే ఎంత తేడా వస్తుందో నేను చెప్పలేను. ఏమీ కాకపోవచ్చు. ఈలోపు పెరిగిపోయి, ఆ తర్వాత ఎక్కించే ఓపిక మీకు లేకపోవచ్చు కూడా. రెండూ చూశాను. మీతో అబద్ధం చెప్పను."

"చెప్పద్దండి. మా అమ్మాయి ఆ గీతల బొమ్మ చూపించింది. దానిమీద నన్ను ఎక్కడ పెడతారు మీరు?"

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఇవాళయితే చిన్న గీటు పెడతా. ఇవాళ వచ్చారు, మాట్లాడారు. అంతవరకే నాకు తెలుసు."

తర్వాత ఆయన వైపు చూసింది. పోయినసారి ఎక్కించమని బల్లమీద చెయ్యి పెట్టి గట్టిగా అడిగింది ఆయనే. ఇప్పుడు ఆ చేతులు ఒళ్ళో ఉన్నాయి. అరచేతినిండా సన్నటి ఎర్ర గీరలు.

"మీరేమంటారు?"

ఆయన భార్య చేతుల వైపు చూశాడు.

"చేతులు ఆవిడవండి," అన్నాడు. "అయ్యాక నేనే తీసుకొస్తా. బండుంది."

ఆసుపత్రినుంచి నేరుగా నర్సరీకి వెళ్ళారు. వ్యాను వెనక తలుపు తీసి ఆయన ఇంట్లోంచి తెచ్చిన కుర్చీ దింపాడు. వీపు ఆనుకోవడానికి ఉండే కుర్చీ అది. దాన్ని నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి నడిచి, కిటికీ దగ్గర, కళ్ళద్దాల మనిషి పీట పక్కన దించాడు. యజమాని అక్కడే ఉన్నాడు.

"సారూ, నేను మీకు తప్పు చెప్పా."

"ఏంటది?"

"ఏడాదిన్నర అన్నానే. అది గడువు కాదంట. సగంమంది అంతకన్నా ఎక్కువే ఉంటారంట. సగంమంది అంతకన్నా ముందే పోతారంట. మా ఆవిడ ఎందులో ఉందో ఎవరికీ తెలీదంట." పనివాళ్ళంతా చేతులు ఆపి వింటున్నారు. ఆయనకి చెమట పట్టింది. "ఆ పిల్లని నేర్చుకోనివ్వండి. మా ఆవిడ కూడా ఇక్కడే కూర్చుంటుంది."

యజమాని మొక్కల వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు చూశాడు.

"వెలుగు సరిపోతుందా ఇద్దరికీ?" అని అడిగాడు.

"సర్దుకుంటామండి," అంది కళ్ళద్దాల మనిషి, పీట కొంచెం పక్కకి జరుపుకుంటూ.

ఆ రోజు ఆమె ఎక్కువ కట్టలేకపోయింది. మధ్యాహ్నానికే వెన్ను గుంజింది. కొన్నే కట్టింది. కానీ ఒక్కసారి కూడా బెరడు చప్పుడు రాలేదు. సాయంత్రం కళ్ళద్దాల మనిషి మళ్ళీ చిగురించని సంచుల వరస దగ్గర నిలబడి ఈమె వైపు చూసింది.

"పారెయ్యనా అక్కా?"

"నల్లవి పారెయ్. పచ్చగా ఉన్నవి గోడవారన పెట్టు."

"చోటు?"

"కొంచెమే కదా."

ఇంటికి వచ్చాక చీకటి పడకముందే ఆయన ఆమెని మెట్లు దింపాడు. టైరుమీద కూర్చోబెట్టి ఆ చివరి సంచి తెచ్చి ఇచ్చాడు. మిగతావి పారేస్తాడనుకుంది. పారెయ్యలేదు. గోడ పొడుగునా సర్ది పెట్టాడు.

"అవి కూడా పూస్తాయి," అంది ఆమె. "చిన్న పూలు. తెల్లగా ఉంటాయి. నేను కట్టింది కాదు, అంతే. బతికినవి బతకనీ."

ఆయన ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. కన్ను పచ్చగానే ఉంది. కదలలేదు. దాని కింద, నిన్న విరిచినచోటుకి కొంచెం పక్కన, ఎర్రటి సూదిమొనలాంటిది ఒకటి అప్పుడే పొడుచుకువస్తోంది.

"ఇదేంటి? వస్తోందా?"

"పట్టీ ఎక్కడుంది?"

ఆయన వెతికాడు. "పైనుంది."

"మరి ఇది?"

"కింద." ఆయన గొంతు తగ్గింది. "అడవిది."

"తియ్. కొమ్మ అయ్యేదాకా ఆగకు. ఇంత ఉన్నప్పుడే తియ్యాలి. గోటితో కాదు, బొటనవేలి మెత్తతో పక్కకి నెట్టు. రోజూ చూడు. వస్తూనే ఉంటాయి."

స్టీరింగు పట్టి పట్టి కాయలు కాచిన బొటనవేలు. పచ్చటి కన్నుకి తగలకుండా దాన్ని అక్కడ పెట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని కాస్త కిందికి జరిపింది. సూదిమొన రాలిపోయింది.

"పైనుంచి వస్తే?" అన్నాడు.

"పైనుంచి వస్తే ముట్టుకోకు. ఆకులు ఐదేసి ఉంటాయి. వెడల్పుగా, మొదట్లో ఎర్రగా ఉంటాయి. అది నాది."

"ఏ రంగు పూస్తుంది?"

ఆమె సంచి తిప్పి చూసింది. లేబులు లేదు. పారేసేవాటికి లేబులు ముందే తీసేస్తారు.

"తెలీదు. పూసినప్పుడు నువ్వు చూడు."

ఆయన ముంత ముంచాడు. నీళ్ళు మొదట్లో పొయ్యాలో, చుట్టూ పొయ్యాలో ఉన్నట్టుండి మరిచిపోయినవాడిలా ఆమె వైపు చూశాడు. ఆమె వేలితో చూపించింది. చుట్టూ పోశాడు.